మీ ఇంటి మెయిన్ వాల్వు ఎక్కడుంది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు పుట్టినవాళ్ళకి నీళ్ళ కష్టాల గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. నల్లా రాకపోవడం, వచ్చినా సన్నగా రావడం, బోరు ఎండిపోవడం, సంపు నిండేలోగా కరెంటు పోవడం... అన్నీ చూసినవాళ్ళమే. పైపులో నీళ్ళు గడ్డకట్టి ఇల్లు తడిసిపోవడం మాత్రం మా పాలమూరు లెక్కల్లో లేదు. అది నేర్చుకోడానికి మావాళ్ళు టెక్సాస్ దాకా రావలసొచ్చింది.

"టెక్సాసా? అక్కడ ఎండలే కదా!" అంటారా? గొడవంతా అక్కడే ఉంది. చికాగో, మిన్నెసోటాల్లో ఇళ్ళు చలిని దృష్టిలో పెట్టుకుని కడతారు. ఇక్కడ చాలా ఇళ్ళకి కింద బేస్‌మెంట్ ఉండదు, నీళ్ళ పైపులు ఆటిక్‌లోంచి (మన అటక అనుకోండి) వెళ్తాయి. కొన్ని ఇళ్ళల్లో వాటర్ హీటరు కూడా అక్కడే. ఇన్సులేషన్ పైన పోయే పైపు ఇంట్లో ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, చలి లెక్కన అది దాదాపు బయట ఉన్నట్టే.

2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున ఇక్కడి గ్రిడ్ వాళ్ళు కరెంటు కోతలు మొదలెట్టారు. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు అలాగే సాగి ఉంటే గ్రిడ్ మొత్తం కుప్పకూలే ప్రమాదం ఉండేదని తర్వాత వాళ్ళే చెప్పారు. దాదాపు 45 లక్షల ఇళ్ళకీ, దుకాణాలకీ కరెంటు పోయింది. మర్నాడు డాలస్‌లో మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 19. 1949 తర్వాత అంత చలి లేదు. ఆ తుఫానులో 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది.

అప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉంది. టీవీలో వార్త చూడగానే, "ముందుగాల నీళ్ళు పట్టి పెట్టుకోండ్రి బిడ్డా" అని గిన్నెలు, బకెట్లు, చివరికి కుక్కర్లు కూడా నింపేసింది. వనపర్తిలో రోజు విడిచి రోజు నల్లా చూసిన చెయ్యి కదా! ఆ నీళ్ళే మాకు మూడు రోజులు వచ్చాయి.

మా గద్వాల మిత్రుడి ఇల్లు మాకు పావుగంట దూరం. కరెంటు లేక, పసిపాపతో ఆ చలిలో ఉండలేక వేరే స్నేహితుల ఇంటికెళ్ళారు. కరెంటు వచ్చాక తిరిగొస్తే ఇల్లు బాగానే ఉంది. అయిపోయింది అనుకున్నారు. ఆ సాయంత్రం పాప గది సీలింగ్ ఊడి, తడిసిన ఇన్సులేషన్‌తో సహా ఉయ్యాల మీద పడింది. పాప వంటింట్లో వాళ్ళమ్మ చంకలో ఉంది కాబట్టి సరిపోయింది. నాకు ఫోన్ చేసి వాడడిగిన మొదటి మాట, "వాల్వు ఏడుంటది రా?" అని. వెతికి మూసేసరికి నలభై నిమిషాలు. తర్వాత నాలుగు నెలలు అద్దె ఇంట్లో ఉన్నారు.

ఇందులో అర్థం చేసుకోవలసింది ఒకటుంది. మంచు వ్యాకోచించి (సుమారు 9 శాతం) అక్కడికక్కడే పైపుని చీలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది అది కాదు. మంచు గడ్డ పెరుగుతూ నీళ్ళని మూసి ఉన్న నల్లా వైపు నెడుతుంది. మధ్యలో ఇరుక్కున్న నీళ్ళకి పోయే దారి లేదు. ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్నచోట పైపు పగులుతుంది. పగిలినా వెంటనే తెలీదు, ఎందుకంటే ఆ గడ్డే బిరడాలా అడ్డం ఉంటుంది. అది కరిగాకే వరద. చలి పోయిందని ఊపిరి పీల్చుకునే రోజే అసలు ప్రమాదం అన్నమాట.

నల్లా సన్నగా కారనివ్వమని చెప్పేది కూడా ఇందుకే. కదిలే నీళ్ళు త్వరగా గడ్డకట్టవు, కట్టినా ఒత్తిడికి దారి ఉంటుంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆటిక్ పైపుల మీద ప్రయోగాలు చేసి, బయట 20 డిగ్రీల ఫారన్‌హీట్‌కి (మైనస్ 7) దిగితే జాగ్రత్త పడాలని తేల్చారు. కాబట్టి ఫోర్‌కాస్ట్‌లో ఆ అంకె కనిపిస్తే: బయటి నల్లాకున్న గొట్టం ఊడదీసి ఫోమ్ తొడుగు వెయ్యండి. బయటి గోడకి ఆనుకున్న సింకు కింద తలుపులు తెరిచి ఉంచండి. రాత్రి హీటింగ్ తగ్గించకండి. వేణ్ణీళ్ళు, చన్నీళ్ళు రెండూ కారనివ్వండి.

గడ్డకట్టేసిందా? నల్లా తెరిచే ఉంచి, నల్లా వైపు నుంచి గడ్డ వైపుకి వేడి చేసుకుంటూ వెళ్ళండి. హెయిర్ డ్రయ్యరు, వేణ్ణీళ్ళలో ముంచి పిండిన తువ్వాలు చాలు. నిప్పు, గ్యాస్ టార్చి మాత్రం వద్దు. పైపు సంగతేమో గానీ ఇల్లే తగలబడుతుంది. ఒక మనిషి మెయిన్ వాల్వు దగ్గర సిద్ధంగా ఉండాలి. ఎక్కడన్నా బుస్సుమన్న శబ్దం వస్తే వెంటనే మూసేయాలి.

డిసెంబరులో ఇండియా వెళ్ళేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. 2022లో సరిగ్గా క్రిస్మస్ ముందే టెక్సాస్‌లో మళ్ళీ గట్టి చలి పడింది. మీరు ఊళ్ళో సంక్రాంతి దాకా ఉంటే ఇక్కడ నల్లా కారనిచ్చేదెవరు? వెళ్ళేముందు మెయిన్ మూసి, నల్లాలన్నీ తెరిచి పైపులు ఖాళీ చేసి, హీటరుని వెకేషన్‌లో పెట్టి బయల్దేరండి. తాళంచెవి మాత్రం పక్కింటాయనకి ఇచ్చి వాల్వు చూపించండి.

మా ఊళ్ళల్లో చెరువుకి నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చూసుకునేది అతనే. ఊరు నిద్రపోయినా అతని చూపు కట్ట మీదే. మనం సర్వర్లకి ఆన్‌కాల్ రోస్టర్ వేసుకుంటాం, అది పడిపోతే ఇదీ అని పేజీలకు పేజీలు రాసుకుంటాం. నెలనెలా వేల డాలర్లు కట్టే ఇంటికి నీరటి ఎవరో మాత్రం చెప్పలేం.

ఈ శనివారం పది నిమిషాలు చాలు. వాల్వు వెతికి, ఒకసారి మూసి తెరిచి చూడండి. బిగుసుకుపోయి ఉంటే ఇప్పుడే మార్పించండి. ఇంట్లో అందరికీ, పెద్దవాళ్ళొచ్చి ఉంటే వాళ్ళకీ చూపించండి. అవసరం పడ్డనాడు ఇంట్లో ఎవరుంటారో ఎవరికి తెలుసు?