ఒరేయ్, ‘ప్రస్థానం’ చూశార్రా!

అయ్యబాబోయ్! ‘ప్రస్థానం’ చూశాను! నిద్ర పట్టడం లేదు, కాలు ఒకచోట నిలవడం లేదు, ఎదురుపడ్డ ప్రతివాళ్ళనీ ఆపి చెప్పేస్తున్నాను.

“2010లో వచ్చిన సినిమాయే కదా, ఇప్పుడా ఈ గోల?” అంటున్నారు. అననివ్వండి! నాకు కొత్తే!

బరంపురంలో పుట్టి, ఒడియా మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు సినిమా అంటే నాకు పెద్ద హీరో, పెద్ద కటౌటు, ఈలలు, అంతే. ఇది తీసిన దేవ కట్టా అనే దర్శకుడు ఒకడున్నాడని కూడా తెలీదు! సాయికుమార్ అంటే గొంతు! సుమన్‌కీ, రాజశేఖర్‌కీ అరువిచ్చిన ఆ కంచు గొంతు! దాని వెనక ఇంత మొహం ఉందని ఎవరూ చెప్పరేం?

ఇదేమో రాజకీయ సినిమా. పోనీ మాకు రాజకీయం తెలీదా? వి.వి.గిరి పుట్టిన ఊరండీ మాది! 1996లో పి.వి.నరసింహారావుని లోక్‌సభకి పంపిన ఊరు! నవీన్ పట్నాయక్ ఏళ్ళ తరబడి గెలిచిన హింజిలి మా పక్కనే! టీ కొట్టు దగ్గర ప్రతివాడూ ఎన్నికల పండితుడే!

అయినా రాజకీయ సినిమా అనగానే తెల్లచొక్కా విలన్, సుమోలు, చివర్లో మైకు ముందు హీరో ఉపన్యాసం అనుకుని కూర్చున్నాను. విలన్ కోసం వెతికాను. వెతికాను. దొరకడే!

బెజవాడ రాజకీయం. లోకనాథం నాయుడు, అంటే మన సాయికుమార్, మంచివాడు. నమ్ముకున్న పెద్దాయన మాట మీద, భర్త పోయిన ఆ ఇంటి కోడల్ని పెళ్ళాడతాడు, ఆమె పిల్లలకి తండ్రవుతాడు. తర్వాత తనకో కొడుకు పుడతాడు. మరి వారసుడెవడు? పెంచిన కొడుకా, కన్న కొడుకా? అక్కడ రాజుకుంటుంది! పెంచిన కొడుకు శర్వానంద్ నిప్పు మీద బూడిదలా ఉంటాడు, కన్న కొడుకు సందీప్ కిషన్‌ది భగ్గున మండే మంట! ఇతనికి ఇదే తొలి సినిమా అంటే నమ్మలేదు నేను!

ముడి మాత్రం విప్పను. చంపినా విప్పను!

కానీ ఒక్క సంగతి చెప్పకపోతే పొట్ట పగిలిపోతుంది. నాయుడు ఒక్కో మెట్టు దిగుతుంటాడు. ప్రతి మెట్టుకీ ఓ కారణం ఉంటుంది. ఇల్లు నిలబెట్టాలి, పిల్లల్ని కాపాడుకోవాలి, కుర్చీ పోతే అన్నీ పోతాయి. ప్రతిసారీ “పాపం, ఇంకేం చేస్తాడులే” అని తలాడించాను. చివర్లో తండ్రీకొడుకులు ఎదురెదురుగా నిలబడ్డాక గానీ తెలీలేదు, ఇంతసేపూ నేను దేనికి తలాడించానో! ఒళ్ళు ఝల్లుమంది! అతన్ని తిడదామంటే నోరు రాదే!

ఇక ఆ సన్నివేశంలో సాయికుమార్! గొంతు తన తప్పుని సమర్థించుకుంటూ పోతుంది, కళ్ళు మాత్రం ఒప్పుకోవు! గొంతు వినాలా, కళ్ళు చూడాలా? వెనక్కి తిప్పి, ఓసారి కళ్ళు మూసుకుని విన్నాను, ఇంకోసారి శబ్దం ఆపేసి చూశాను. రెండూ రెండు సినిమాలు! ఫిల్మ్‌ఫేర్ వాళ్ళు ఉత్తమ సహాయ నటుడి అవార్డు ఊరికే ఇచ్చారా! దేవ కట్టాయే 2019లో సంజయ్ దత్‌తో హిందీలో మళ్ళీ తీశాడట. అదీ చూస్తాను, కానీ ఈ గొంతు అక్కడెలా దొరుకుతుంది?

మీరూ చూడండి! బరంపురం బాబులూ, ఇచ్ఛాపురం అన్నలూ, బెజవాడ బంధువులూ, అందరూ చూడండి! నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. అయ్యాక నాయుడు చేసింది తప్పా, ఒప్పా అని అడగండి. ఇద్దరూ ఒకటే మాట అంటే నన్నడగండి!