చిలుకూరు దారిలో లడ్డూ

ఆదివారం పొద్దున్నే ఏడింటికల్లా మెహిదీపట్నంలో ఉంటే బస్సులో కూర్చోడానికి సీటు దొరుకుతుంది. ఎనిమిది దాటిందంటే చిలుకూరు భక్తులు, ఫాంహౌస్‌లకు పనికి వెళ్ళేవాళ్ళు, సంచులతో సొంతూళ్ళకు పోయేవాళ్ళు అందరూ ఒకేసారి తోసుకొస్తారు. నేను చేవెళ్ళ వైపు వెళ్ళే బస్సెక్కి మొయినాబాద్‌లో దిగుతాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా! మూడు నెలల్లో ఆరుసార్లు వెళ్ళొచ్చినా నాకు ఖర్చయింది ఆటోలకే.

ఎక్కడికండీ అని పక్క సీటావిడ అడిగితే మొదట్లో "మా వాణ్ణి చూడ్డానికి" అనేదాన్ని. హాస్టల్లో ఉన్న మనవడనుకునేవాళ్ళు. ఏం చదువుతున్నాడని ఒకావిడ అడిగేసరికి నవ్వొచ్చి, ఉన్నమాట చెప్పేశాను. మా వాడంటే మా అబ్బాయి వాళ్ళ కుక్క. పేరు లడ్డూ. మొయినాబాద్ దాటాక ఒక షెల్టర్‌లో ఉన్నాడు. ఎవరైనా తీసుకెళ్ళి పెంచుకుంటారేమోనని చూస్తున్నాడు. చూస్తున్నాడని నేననుకుంటున్నాను గానీ, వాడు చూసేది వేరే వాళ్ళ కోసం.

లంగర్‌హౌస్ దాటి అప్పా జంక్షన్ వచ్చేదాకా ఊరు ఊరే, ట్రాఫిక్ ట్రాఫిక్కే. (ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీ పొడి అక్షరాలు కలిసి 'అప్పా' అయ్యింది. రాష్ట్రం మారింది, అకాడమీ పేరు మారింది, జంక్షన్ మాత్రం అప్పాగానే ఉండిపోయింది.) అక్కణ్ణుంచి బీజాపూర్ రోడ్డు. రెండు పక్కలా మర్రిచెట్లు మొదలవుతాయి. మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్ల పొడవునా దగ్గర దగ్గర 900 చెట్లున్నాయంటారు. రోడ్డు వెడల్పు చేయాలని ఒకవైపు, చెట్లు ఉంచాలని ఇంకోవైపు ఏళ్ళ తరబడి కోర్టు దాకా వెళ్ళిన గొడవ అది. బస్సు కిటికీలోంచి చూస్తే ఊడలు చేతికందేంత దగ్గరగా పోతుంటాయి. లడ్డూని కారులో తెచ్చిన రోజు వాడు కిటికీలోంచి తల బయటపెట్టి ఈ చెట్లన్నిటి వాసనా పీల్చుకుంటూ వచ్చాడు. ఏదో పిక్నిక్ అనుకున్నాడు పాపం.

ఇక్కడింకా ఇంత ఖాళీ జాగా ఎందుకుందంటే, దానికి కారణం చెరువులు. 1908లో మూసీ ముంచెత్తాక నిజాం ప్రభుత్వం కట్టించిన ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. ఆ నీళ్ళు పాడవకూడదని 1996లో 111 జీవో తెచ్చి, చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు పరిమితులు పెట్టారు. అందుకే అపార్టుమెంట్లు రాలేదు. తోటలు, నర్సరీలు, రిసార్టులు, వాటి మధ్య ఇలాంటి షెల్టర్లు. కుక్కలు రాత్రంతా మొరిగినా ఎవరూ గేటు కొట్టని చోటు కావాలి కదా వీటికి.

మొయినాబాద్ కంటే ముందే కుడివైపు చిలుకూరు దారి చీలుతుంది. వీసా బాలాజీ. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. హుండీ కూడా లేని గుడి. మా అబ్బాయి వీసా కోసం అక్కడ ఆ 11 ప్రదక్షిణలూ చేసింది నేనే. వీసా వచ్చింది. నా మోకాళ్ళు ఒప్పుకోక 108 మూడు విడతలుగా పూర్తిచేశాను. మూడో విడత అయిన మర్నాడే, అదే దారిలో ఇంకో పదిహేను నిమిషాలు ముందుకెళ్ళి లడ్డూని వదిలిపెట్టి వచ్చాం.

లడ్డూ 2020 లాక్‌డౌన్‌లో వచ్చాడు. రెండు నెలల లాబ్రడార్ పిల్ల. ఇంట్లో అందరూ ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుంటే మూడేళ్ళ మనవడికి ఆడుకోడానికి తోడు లేడని తెచ్చారు. పేరు వాడే పెట్టాడు. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళల్లోకి అలా వచ్చాయో! అంతకుముందు హచ్ యాడ్ చూసి పగ్‌లు కొన్నారు, తర్వాత హైదరాబాద్ ఎండల్లో హస్కీలు కొన్నారు. లాబ్రడార్ పదేళ్ళు, పన్నెండేళ్ళు బతుకుతుంది. మనం ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటామో మనకే తెలియదు.

తీసుకెళ్ళాలని మా వాడు ప్రయత్నించకపోలేదు. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా రూల్స్ మారాయి. కుక్కల రేబీస్ ఎక్కువగా ఉన్న దేశాల లిస్టులో మనదీ ఉంది. ఇక్కడ టీకా వేయించిన కుక్క వెళ్ళాలంటే ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, టీకా కాగితాల మీద ప్రభుత్వ పశువైద్యుడి ధ్రువీకరణ ఉండాలి. వాళ్ళు ఒప్పుకున్న ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించాలి. అది లేకపోతే అక్కడ దిగాక 28 రోజులు క్వారంటైన్. పరీక్ష ఉన్నా, దిగే ఎయిర్‌పోర్టు దగ్గర గుర్తింపు ఉన్న కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకోవాలి. ఆ కేంద్రాలు కొన్ని ఎయిర్‌పోర్టుల దగ్గరే ఉన్నాయి. ఏజెంట్ చెప్పిన అంకె విని కోడలు కాసేపు మాట్లాడలేదు. కంపెనీ ఇచ్చిన గడువు ఐదు వారాలు. రక్తపరీక్షకే ఆ టైము చాలదు.

స్వర్గానికి వెళ్ళే ముందు కుక్కను వదిలి రథం ఎక్కనన్నాడు ధర్మరాజు. చిన్నప్పుడు మా నాన్న ఆ కథ చెబితే ఏడ్చేదాన్ని, మా పిల్లలకు చెబుతూ కూడా ఏడ్చాను. మా ఇంటికి ఆ ప్రశ్న వచ్చినప్పుడు అందరూ నావైపు చూశారు. "అమ్మా, నీ దగ్గర ఉంచుకోగలవా?"

"మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోదురా" అన్నాను.

అది అబద్ధం. పెంపుడు కుక్కల్ని వద్దనే హక్కు అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ కాగితం మా నోటీసు బోర్డు మీదే రెండేళ్ళు వేలాడింది. అసలు సంగతి నా మోకాళ్ళు. 32 కిలోల కుక్క గొలుసు ఒక్కసారి లాగిందంటే నేను పడతాను. పడితే లేపడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఆ మాట చెబితే, నన్ను ఒంటరిగా వదిలి వెళ్తున్నానని వాడు ప్రయాణం మానుకుంటాడేమోనని భయం. అందుకే నెపం అసోసియేషన్ మీద పెట్టాను.

హైదరాబాద్‌లో జంతువుల షెల్టర్ అనగానే అక్కినేని అమల గారు 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ గుర్తొస్తుంది చాలామందికి. ఇది అది కాదు, చిన్నది. పేరు రాయొద్దన్నారు. పేరు బయటికొస్తే పొద్దున్న గేటు తెరిచేసరికి అట్టపెట్టెల్లో కుక్కపిల్లలు ఉంటాయట. రేకుల కప్పు, నాపరాళ్ళ నేల, ఇనుప జాలీ గదులు, మధ్యలో ఒక వేపచెట్టు. పదిన్నరకి పెద్ద డేగిసాలో అన్నం, చికెన్ కాళ్ళు, గుమ్మడికాయ ముక్కలు, పసుపు కలిపి ఉడుకుతుంటాయి. మొదటిసారి ఆ వాసనకి కడుపులో తిప్పింది గానీ ఇప్పుడు అలవాటైంది.

ఎడమవైపు వరసలో దెబ్బలు తగిలిన వీధికుక్కలు. నయమయ్యాక వాటిని తెచ్చిన వీధిలోనే వదలాలి, పద్ధతి అది. కుడివైపు వరస సొంతదార్లు అప్పజెప్పినవి. తేడా చూడగానే తెలిసిపోతుంది. వీధికుక్కలు మనుషుల్ని చూస్తే తిండికోసం చేతులు చూస్తాయి. అప్పజెప్పినవి మొహం చూస్తాయి. ఈ మనిషేనా అని. కాదని తెలియగానే మళ్ళీ గేటు వైపు తిరుగుతాయి. ఒక జర్మన్ షెపర్డ్ యజమాని పెద్దాయన పోయాడు, పిల్లలు బెంగళూరులో ఉంటారు. ఒక తెల్ల పామరేనియన్‌ని ఇంట్లో పాప పుట్టిందని తెచ్చారు. ఒక హస్కీ సంగతి ఎవరూ చెప్పలేదు, ఔటర్ రింగ్ రోడ్డు మీద దొరికిందట. పెంపుడు జంతువును వదిలేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా. అరవై ఏళ్ళు దాటినా అంకె మారలేదు. అప్పజెప్పడం నేరం కాదు, ఫారం మీద సంతకం పెడితే చాలు. ఇక ఈ జంతువు మీద మాకు హక్కు లేదు, ఎవరికి ఇచ్చారని అడగం అని అందులో ఉంటుంది. సంతకం మా అబ్బాయి పెట్టాడు. సాక్షి సంతకం నాది.

నేను వెళ్ళినప్పుడల్లా లడ్డూ అరుపులు వేపచెట్టు దాకా వినిపించేవి. జాలీ తెరవగానే నా చీర కుచ్చిళ్ళలో తల దూర్చేవాడు. నేను తెచ్చిన పెరుగన్నం తినకుండా నా వెనక్కి చూసేవాడు, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. తర్వాత తినేవాడు. చెవుల వెనక పిడుదులు ఏరేదాన్ని. వీడియో కాల్ చేస్తే డాలస్ పక్కన ఫ్రిస్కోలో మనవడు నిద్ర మానుకుని కూర్చునేవాడు. "లడ్డూ!" అని ఫోన్‌లోంచి వినిపిస్తే వీడు ఫోన్ వెనక్కి వెళ్ళి వెతికేవాడు. అది చూసి మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం. అదేం నవ్వో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆరోసారి వెళ్ళినప్పుడు అక్కడ పనిచేసే ఆవిడ నన్ను గేటు దగ్గరే ఆపింది. నలభై ఏళ్ళుంటాయేమో. దగ్గర్లోని ఊరే. చేతులు కడుక్కుని కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది.

"అమ్మా, ఒక మాట చెప్తా, ఏమనుకోకు. నువ్వొచ్చి పోయినంక వాడు రెండు దినాలు తిండి ముట్టడు. గేటుకాడనే పంటడు. మల్ల మెల్లగ తింటడు, మందితోని ఆడుతడు. గంతల నువ్వొస్తవు."

నాకు ఏమనాలో తోచలేదు.

"శంకర్‌పల్లి దిక్కుకెంచి ఒకాయన వచ్చిండు. తోట ఉంది, భార్యాభర్తలిద్దరే. పిల్ల కుక్క వద్దు, పెద్దదే కావాలన్నరు. వాళ్ళొచ్చింది సోమవారం. నువ్వు ఆదివారం వచ్చి పోతివి. వాడు లేవనే లేదు, మొహం గుడ చూపియ్యలే. ఆయన మల్లొస్తనన్నడు. గందుకే ఈ నెల రాకమ్మా."

అంతకుముందు ఇద్దరు వచ్చారట. ఒకరికి పిల్లలు కావాలి. ఇంకొకరు మామిడితోటలో గొలుసు వేసి కాపలాకి కట్టేస్తామన్నారు, షెల్టర్ వాళ్ళే ఇవ్వలేదు. ఇల్లు చూడకుండా ఇవ్వరు వీళ్ళు. ఐదేళ్ళు దాటిన కుక్కను అడిగి వచ్చే మనిషి దొరకడం ఎంత కష్టమో నాకూ తెలుసు.

నేను వాడి కోసం వస్తున్నానని అనుకున్నాను ఇన్నాళ్ళూ. పెరుగన్నం డబ్బా ఆవిడ చేతిలో పెట్టాను. "నువ్వు పెట్టినట్టే పెట్టు, నేనొచ్చానని తెలియకూడదు" అన్నాను. తెలియకుండా ఎలా ఉంటుంది, గాలి అటే వీస్తోంది. ఆటో దాకా నడిచేలోపే అరుపు వినిపించింది. అన్ని కుక్కల్లోనూ వాడి గొంతు నాకు తెలుసు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నా గబగబా నడిచాను.

తిరిగి వచ్చేటప్పుడు చిలుకూరు మలుపు దగ్గర బస్సు నిండిపోయింది. ఒక కుర్రాడు ప్రదక్షిణల చీటీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, గళ్ళన్నీ పెన్నుతో కొట్టేసి ఉన్నాయి. 108 అయినట్టుంది. ఎప్పుడు బాబూ ప్రయాణం అని అడిగాను. వచ్చే నెల అన్నాడు, మొహం వెలిగిపోతూ. నీకు కుక్క ఉందా అని అడగబోయి ఊరుకున్నాను.

ఆ రాత్రి మనవడికి నిజం చెప్పాను. లడ్డూకి వేరే ఇల్లు దొరికేలా ఉంది, అందుకని కొన్నాళ్ళు వాడికి ఫోన్ చేయలేం అని. ఏడుస్తాడనుకున్నాను. కాసేపు ఆలోచించి, "వాళ్ళింట్లో బాల్ ఉందా నానమ్మా?" అన్నాడు. కనుక్కుంటానన్నాను. మా అబ్బాయి పక్కనే ఉన్నాడు గానీ ఫోన్ తీసుకోలేదు. అసోసియేషన్ సంగతి వాడికింకా చెప్పలేదు.

ఇది రాసేనాటికి మూడు ఆదివారాలు గడిచాయి. మొన్న ఆవిడకి ఫోన్ చేశాను. వెనక డేగిసా గరిటె చప్పుడు.

"తింటున్నడమ్మా. ఆయన నిన్న మల్ల వచ్చిండు. లడ్డూ లేచి పోయి చెయ్యి వాసన జూసిండు."

"తర్వాత?"

"గంతే. మల్ల వచ్చి పండుకున్నడు. గేటుకాడ గాదు, యాపచెట్టు కింద."