కొలిమి ప్రక్కన ఆటస్థలం

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, దల్మా కొండలకు దాపున ఉన్న జంషెడ్‌పూర్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. ఉత్తర కోస్తా జిల్లాల నుంచి తాతల కాలంలోనే ఉక్కు కర్మాగారంలో పనికి వెళ్లి, అక్కడే వేళ్లూనుకొన్న కుటుంబాలు ఎన్నో ఉన్నవి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరమే అందుకు సాక్ష్యం. రైలు దిగే స్టేషను పేరు టాటానగర్. ఒకప్పుడు అది కాళీమాటి. ఊరి పేరు సాక్చి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ కర్మాగారం చేసిన సరఫరాలకు కృతజ్ఞతగా, 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు స్థాపకుని పేరును ఊరికి పెట్టి వెళ్లాడు.

ఆ స్థాపకుడు, జంషెడ్జీ టాటా, ఈ ఊరిని కన్నులారా చూడలేదు. 1902లో, కర్మాగారం ఎక్కడ కట్టాలో ఇంకా తేలకముందే, విదేశం నుంచి కుమారుడు దొరాబ్జీకి ఒక ఉత్తరం వ్రాశాడు. కాబోయే నగరంలో వీధులు వెడల్పుగా ఉండాలనీ, నీడనిచ్చే చెట్లు నాటించాలనీ, ఫుట్‌బాల్, హాకీ ఆటలకు విశాలమైన స్థలాలు విడిచిపెట్టాలనీ అందులో కోరాడు. ఆలయాలు, మసీదులు, చర్చీల ప్రస్తావన ఆటస్థలాల తరువాతనే వస్తుంది. 1904లో ఆయన కన్నుమూశాడు. 1912లో కొలిమి నుంచి మొదటి ఉక్కు వెలువడినది.

ఆటస్థలాలు ఏర్పడినవి. ఆటగాళ్లు కూడా తయారైనారు. 1987లో ఇక్కడ స్థాపించిన టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కార్ల్‌టన్ చాప్మన్, రెనెడీ సింగ్, మహేష్ గావ్లీ, సుబ్రతా పాల్ వంటివారు ఓనమాలు దిద్దుకొన్నారు. కాని చదువు పూర్తికాగానే కలకత్తాకో గోవాకో తరలిపోయేవారు. పిల్లలను పెంచి పొరుగూరికి పంపించే ఇల్లువలె ముప్పై ఏళ్లు గడిచినవి. దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌లో తనదంటూ ఒక జట్టు ఈ ఊరికి లేకపోయింది.

ఆ లోటు 2017లో తీరినది. ఇండియన్ సూపర్ లీగ్‌ను విస్తరించినప్పుడు టాటా స్టీల్ సంస్థ పోటీపడి అర్హత సంపాదించి, జంషెడ్‌పూర్ ఎఫ్‌.సి. జట్టును నెలకొల్పినది. 1991 నాటి జె.ఆర్‌.డి. టాటా క్రీడా ప్రాంగణం దాని సొంత ఇల్లు. అభిమానులు దానికి పెట్టుకొన్న ముద్దుపేరు ‘ఫర్నేస్’, అనగా కొలిమి. లోగడ వెళ్లిపోయిన సుబ్రతా పాల్ గోల్‌కీపర్‌గా తిరిగి వచ్చాడు. ఆ మొదటి సంవత్సరం జట్టు ఆడిన తొలి మూడు ఆటలూ 0–0గా ముగిసినవి. అందులో మూడవది సొంత ఊరిలో ఆడిన మొదటి ఆట. గోల్ చూద్దామని వచ్చిన జనం ఒక్కటీ చూడకుండానే ఇళ్లకు మరలవలసి వచ్చినది!

ఈ లీగ్ పద్ధతి తెలియని పాఠకుల కోసం ఒక మాట. 2024–25 వరకు ప్రతి జట్టూ ప్రతి ఇతర జట్టుతో ఒకసారి తన ఊరిలోను, ఒకసారి ఎదుటివారి ఊరిలోను ఆడేది. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి. అన్ని ఆటలూ ముగిసేసరికి అగ్రస్థానంలో నిలిచినవారికి షీల్డు ఇచ్చేవారు. పైనున్న కొన్ని జట్లు మళ్లీ తలపడి కప్పు ఎవరిదో తేల్చుకొనేవి. ఒక్క రాత్రి అదృష్టం బాగుంటే కప్పు రావచ్చును. నెలల తరబడి నిలకడ చూపనిదే షీల్డు రాదు. రెంటిలో గొప్పది షీల్డే అని నా అభిప్రాయం.

మొదటి రెండు సంవత్సరాలు జట్టు అయిదవ స్థానంలో, తరువాత ఎనిమిదిలో, ఆపైన ఆరులో నిలిచినది. ఇంతలో కోవిడ్ వచ్చిపడినది. రెండు సీజన్లపాటు జట్లన్నీ గోవాలోనే బస చేసి, అక్కడి మైదానాలలోనే ఆటలన్నీ ఆడినవి. సొంత ఊరు, పొరుగూరు అనేవి కాగితం మీది మాటలే అయినవి. అట్టి రోజులలో, ఓవెన్ కోయిల్ అనే కోచ్ చేతిలో ఈ జట్టుకు పదును వచ్చినది. 2021–22లో స్కాట్లండ్ ఆటగాడు గ్రెగ్ స్టీవర్ట్ నడిమైదానాన్ని ఏలినాడు. చివరి ఏడు ఆటలూ వరుసగా గెలిచినారు. ఆ ఏడవది 2022 మార్చి 7న ఏటీకే మోహన్ బగాన్‌తో జరిగినది. షీల్డుకు డ్రా చాలును. కాని రిత్విక్ దాస్ కొట్టిన ఒక్క గోల్‌తో గెలుపే దక్కినది. 20 ఆటలలో 13 గెలుపులు, 43 పాయింట్లు. అంతకుముందు ఆ లీగ్‌లో ఎవరూ అన్ని పాయింట్లు సంపాదించలేదు.

ఊరికి ఇంతటి విజయం లభించిన రాత్రి ఊరు అక్కడ లేదు. జట్టు దేశానికి ఆ చివర, అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్నది; ఊరు టెలివిజన్ ముందు కూర్చున్నది. సెమీఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ చేతిలో ఓడి, కప్పు ఆశ వదులుకొన్నారు. కప్పు మన హైదరాబాదు జట్టుకు దక్కినది.

తమ విజేతలను కన్నులారా చూసుకొనే అవకాశం జంషెడ్‌పూర్ ప్రజలకు 2022 అక్టోబరులో కలిగినది. అప్పటికే కోయిల్ స్వదేశానికి, స్టీవర్ట్ ముంబయి జట్టుకు వెళ్లిపోయినారు. కొలిమిలో మొదటి ఆట ఒడిశాతో. ఆరంభంలోనే మనవాళ్లు రెండు గోల్స్ కొట్టినారు. స్టేడియం ఎట్లు హోరెత్తి ఉండునో ఊహించుకొనవచ్చును. ఒడిశా ఒకటి తిరిగి కొట్టినది. చివరి నిమిషాలలో మరి రెండు కొట్టినది. 2–3. ఆ రాత్రి మొదలైన జారుడు ఆగలేదు. 11 జట్లలో పదవ స్థానం. మరుసటి సంవత్సరం 12 జట్లలో పదకొండవ స్థానం. అడుగున నిలిచినవారిని క్రింది శ్రేణికి దింపే నియమం అప్పుడు అమలులో లేదు గనుక బ్రతికిపోయినారు. ఆ నియమమే ఉన్నట్లయితే షీల్డు గెలిచిన రెండేళ్లకు ఈ కథ మరొక విధంగా ముగిసేదేమో!

ఇక్కడ హైదరాబాదును తలచుకోక తప్పదు. 1950 నుంచి వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన సిటీ పోలీసు జట్టు ఆ ఊరిది. 1962లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టిన కోచ్ రహీం సాహెబు ఆ ఊరివాడు. అట్టి చోట 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌.సి. 2022లో కప్పు గెలిచినది. రెండేళ్లలో అట్టడుగుకు చేరినది. 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. రెండు జట్లూ ఒకే ఏట శిఖరమెక్కి, ఒకే విధంగా జారిపడినవి. ఒకటి ఊరిలోనే మిగిలినది. ఒకటి ఊరే విడిచినది. తేడా ఆటలో లేదు. జారిపడినప్పుడు పట్టుకొన్న చెయ్యి వేరు.

ఆ చెయ్యి ఉక్కు కంపెనీది. ఉక్కుకూ ఆటకూ గల ఈ చుట్టరికం మన దేశానికే పరిమితం కాదు. నెదర్లాండ్స్ తీరాన ఒక ఉక్కు కర్మాగారపు ఉద్యోగుల చదరంగ సంఘం 1938లో ప్రారంభించిన పోటీ నేటికీ ప్రతి జనవరిలో వైక్ ఆన్ జీ గ్రామంలో జరుగుతున్నది. ఆ కర్మాగారం 2007లో టాటాల చేతికి వచ్చినది; 2011 నుంచి పోటీకి టాటా స్టీల్ పేరే. మరుసటి ఏడే మన గుంటూరు హరికృష్ణ అక్కడ ద్వితీయ శ్రేణి విజేత అయినాడు. యజమాని మారినా పోటీ నిలిచినదంటే, గ్రామస్థులు దానిని తమదనుకోవడమే కారణమని తోస్తుంది. ఒక్క పోషకుని మీద ఆధారపడిన ఆటకు అదొక్కటే రెండవ అండ. జంషెడ్‌పూర్‌లో అట్టి అండ ఎంత గట్టిదో కంపెనీ చెయ్యి తీసిన రోజున గాని తెలియదు. ఆ రోజు ఇంకా రాలేదు.

ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చిన తరువాత జట్టు మళ్లీ లేచినది. 2024–25లో అయిదవ స్థానం. సెమీఫైనల్ మొదటి ఆటలో మోహన్ బగాన్‌ను కొలిమిలోనే 2–1తో ఓడించినారు. ఈసారి జనం ఎదుట. కలకత్తాలో రెండవ ఆట నిర్ణీత సమయం దాటిన తరువాత పడిన గోల్‌తో 0–2గా ముగిసి, ఫైనల్ చేజారినది. మే నెలలో భువనేశ్వర్‌లో సూపర్ కప్పు ఫైనల్‌కు చేరి, గోవా చేతిలో మూడు గోల్స్ తేడాతో ఓడినారు. జూలైలో, సమాఖ్యతో ఒప్పందం తేలనందున లీగ్‌ను నిలిపివేస్తున్నామని నిర్వాహకులు ప్రకటించారు. ఆగస్టులో జమీల్‌ను భారత జట్టు కోచ్‌గా పిలిచినారు. అదే నెలలో డ్యూరండ్ కప్పు క్వార్టర్ ఫైనల్ జంషెడ్‌పూర్‌లోనే జరిగినది. ఎదుటిజట్టు డైమండ్ హార్బర్. పుట్టి మూడేళ్లు మాత్రమే దాటిన బెంగాలు క్లబ్బు. అది రెండు గోల్స్ కొట్టి, కొలిమిని చల్లార్చి వెళ్లినది.