వాల్తేరు మెట్టమీఁది విద్యానగరము

విశాఖపట్టణమునకుఁ బోయినవారు సముద్రమునఁ గాళ్లు తడుపుకొని, సింహాద్రి యప్పన్నను సేవించి మరలుట వాడుక. సోదరీమణులారా! మీ యింటి బాలిక పైచదువునకుఁ బోవఁదలఁచినచో, వాల్తేరు మెట్టమీఁది ఆంధ్ర విశ్వకళాపరిషత్తును గూడ నొకపరి చూచి రండు.

1926వ సంవత్సరమున బెజవాడలో నెలకొన్న యీ విద్యాపీఠము 1930లో వాల్తేరునకుఁ దరలివచ్చినది. తొలి వైస్‌ఛాన్సలరు శ్రీ కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఊరి చెఱువు తెగకుండుటకై ప్రాణమిచ్చిన కోడలి కథను 'ముసలమ్మ మరణము'గా రచించిన కవి వారే. 1931 మొదలు 1936 వఱకు శ్రీ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ పదవి నలంకరించిరి. జయపుర మహారాజు శ్రీ విక్రమదేవవర్మగారి విరాళమున నిచటి విజ్ఞానశాస్త్ర కళాశాల వృద్ధిచెందినది. ఎఱ్ఱమట్టి నేల, చెట్లనీడల బాటలు, తూర్పున నీలిసముద్రము కన్నులపండువుగా నుండును.

మా యాడబిడ్డ కొమార్తె యిచటఁ జరిత్రలో ఎమ్మే చదువుచున్నది. చేరిన రెండు నెలలకే "ఇంటికి వచ్చెదను" అని తల్లికిఁ గబురంపెను. పిల్లను దోడ్కొని రమ్మని యామె నన్నుఁ బంపినది. నేను పోవుసరికి వసతిగృహమున శ్రీకాకుళపుఁ బిల్లయు, గుంటూరు పిల్లయు, మా పిల్లయు నొకే పచ్చడిజాడి ముందుఁ గూర్చుండి యుండిరి.

"అత్తయ్యా! మా యూరి బడిలో నేనే మొదటిదానను. ఇచటికి వచ్చినవా రందఱును దమ తమ యూళ్లలో మొదటివారే" అని నవ్వినది.

ఆమె దిగులునకుఁ గారణము మెల్లగాఁ దెలిసినది. తరగతిలో నొకనాఁడు వ్యాసము చదువఁగా, తోడివిద్యార్థి యొకఁడు "దీనికి ఆధార మేమి?" అని యడిగెనఁట. ఈమె నోట మాట రాలేదు. పిమ్మట నాలుగు దినములు గ్రంథాలయమున శాసనముల సంపుటములు తిరుగవేసినది. మరల నిలిచినపుడు రెండు ప్రశ్నలకు బదులు చెప్పి, మూఁడవదానికి "ఇది నాకుఁ దెలియదు, చూచి చెప్పెదను" అనెనఁట.

నేను తండ్రిగారి చెంత భాగవతము చదివితిని. వారు చెప్పిన యర్థమే నాకుఁ బ్రమాణము. ఎట్లు తెలిసెనని నన్నడిగినవారు లేరు, నేను నడుగలేదు. ఇంటిచదువు భక్తిని, భాషను ఇచ్చును. పదుగురి నడుమ నిలిచి తెలియనిదానిని తెలియదనుటకు వలయు ధైర్యము మాత్రము పదుగురి నడుమనే యలవడును.

"అమ్మతోఁ జెప్పండి అత్తయ్యా, సంక్రాంతికి వత్తును" అని పిల్ల నన్ను సాగనంపినది. నే నొంటరిగానే మరలితిని.

తల్లులారా! వారమున కొకసారి ఫోను చేయుఁడు; ఆవకాయ పంపుఁడు. మార్కు లెన్ని యని యడుగుటకు ముందు, ఈ వారము నీవేమి ప్రశ్నించితివని యడుగుఁడు. తొలి కన్నీటికే బండి కట్టకుఁడు.