రెండు రాతి కడీల నడుమ

మీలో బోర్డింగు స్కూళ్లలో చదువుకున్నవారికి రింగు ఆటను గూర్చి నేను చెప్పనవసరం లేదు. అయినా ఈ పత్రికను ఇళ్లలో చిన్నపిల్లలు కూడా చదువుతారు గనుక కొంచెం చెప్పి ముందుకు వెళ్తాను. పుస్తకాల్లో దీని పేరు టెన్నికాయిట్. మన పల్లెల్లో ఆ పేరుతో ఎవరూ పిలవరు. ఏడంగుళాల వెడల్పు, పావుకిలోకు లోపు బరువు ఉండే రబ్బరు చక్రం అది. నడుమ వల, అటు ఒకరు ఇటు ఒకరు, లేదా ఇద్దరేసి. వచ్చిన రింగును ఒంటి చేత్తో పట్టాలి, పట్టిన చేత్తోనే ఆలస్యం చేయక తిరిగి విసరాలి. రెండో చెయ్యి తగిలితే తప్పు. రింగు గాలిలో పళ్లెంలాగా సమంగా తిరుగుతూ పోవాలి, వణికితే అదీ తప్పే. మణికట్టుతో కాస్త తిప్పి వదిలితే ఆ తిరుగుడే దానిని మోసుకొని పోతుంది. తిప్పు లేకపోతే పాత చెప్పులాగా దబ్బున పడుతుంది.

ఈ ఆట పుట్టింది ఓడల మీద. వారాల తరబడి సాగే ప్రయాణంలో బంతి ఆడితే సముద్రం పాలవుతుంది గనుక ప్రయాణికులు రింగులు విసురుకొనేవారు. 1920లలో జర్మనీలోని కార్ల్స్‌రూహే పట్టణస్థుడు హెర్మన్ ష్నైడర్ దానిని తన దేశంలో నేలమీదికి దించాడు. మన దేశంలో అది బడుల్లో, ముఖ్యంగా ఆడపిల్లల బడుల్లో, బాగా వేళ్లూనింది. 2006లో చెన్నైలో ప్రపంచ పోటీలు కూడా జరిగాయి. నాకు మాత్రం అచ్చంపేట దగ్గరి మా ఊరి నుండి హాస్టలుకు వచ్చిన మొదటి వారంలో పరిచయమైంది. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా, 2016లో జిల్లాలు విడిపోయాక నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. మా నాయన పాలమూరు కూలీలతో కలిసి మట్టిపనికి దూరదేశాలు పోయిన మనిషి. హాస్టలులో ఉన్న ఒకే ఒక ఫుట్‌బాలు పెద్దపిల్లల సొత్తు. చిన్నవాళ్లకు దక్కింది రింగు. వల లేకపోతే దుప్పటి కట్టి ఆడేవాళ్లం.

ఇప్పుడు నేను సేవ చేస్తున్నది నల్లగొండ జిల్లా పడమటి వైపు ఒక చిన్న పట్టణంలో. చెరువుకట్ట దిగువన మున్సిపాలిటీ పార్కు ఉంది. లోపల నీళ్లు రాని ఫౌంటెను, రెండు జారుడు బల్లలు, పంపు గది, ఒక మూలకు పాత రింగు కోర్టు. ఇనుప స్తంభాలు తుప్పుపట్టి విరిగిపోయాక ఎవరో రైతు రెండు రాతి కడీలు తెచ్చి పాతించాడట. కడీ అంటే మన వైపు కంచె కోసం పొలం చుట్టూ పాతే నిలువు రాయి అని మీకు తెలుసు. ఒకటి నిటారుగా ఉంది, రెండోది చెరువు వైపు కొంచెం ఒరిగింది. వల చేపలు పట్టే ఇంటివారు ఇచ్చినది. దానికి ఎన్ని ముడులు వేశామో లెక్క లేదు. నేల ఎర్రమొరం. ఉత్తరం గీత కింద వేపచెట్టు వేరు లేచింది, దాని మీద పడిన రింగు ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ వేరు మీద పడిన పాయింటు లెక్కలోకి రాదని మా కోర్టుకు మేమే నియమం పెట్టుకున్నాం.

ఇటువంటి పాత కోర్టులో ఆడడం వేరే విద్య. కొత్తగా వచ్చిన కుర్రవాడు ఎంత బలంగా విసిరినా మా ముసలివారి ముందు నిలవడు. ఆషాఢంలో పడమటి గాలి కట్ట మీది నుండి దిగి రింగును చేరెడు పక్కకు నెడుతుంది. ఆ నెల్లో చెరువు వైపు నిలబడినవాళ్లు మనిషిని చూసి కాక గాలిని చూసి విసరాలి. ఒరిగిన కడీ వైపు వల నాలుగు వేళ్లు తక్కువ ఎత్తు ఉంటుంది, తెలిసినవాళ్లు అటే పంపుతారు. సాయంత్రం అయిదున్నరకు పొద్దు సరిగ్గా పంపు గది పైకి వస్తుంది, అప్పుడు పడమటికి తిరిగి నిలబడినవారికి రింగు కనబడదు, గాలిని కోసే శబ్దం మాత్రమే వినబడుతుంది. రోజూ వచ్చేవారికి అది చాలు.

మొదట్లో సంఘ పెద్దలలో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు. చేతిలో బైబిలు ఉండవలసిన అయ్యగారు రింగు పట్టుకొని పార్కుకు పోవడం ఏమిటని స్త్రీల సమాజము కూడికలో కూడా మాట వచ్చింది. నేను వాదించలేదు. గృహ దర్శనమునకు వెళ్తే మనవాళ్లు కుర్చీ తుడిచి వేస్తారు, టీ పెడతారు, అంతా బాగున్నామని చెబుతారు. కోర్టు దగ్గర తమ వంతు కోసం గట్టు మీద కూర్చున్నప్పుడు అప్పు సంగతి చెబుతారు, అల్లుడి తాగుడు చెబుతారు. చెమట పట్టిన మనిషి కుర్చీలో కూర్చున్న మనిషి కంటె తొందరగా నిజం మాట్లాడతాడని నా అనుభవం. అంతేకాదు, అక్కడికి మన సంఘంవారే కాదు, అందరూ వస్తారు. బస్సు కండక్టరు, దర్జీ, సెలవులకు ఇంటికి వచ్చిన గురుకులం ఆడపిల్లలు, డెబ్బై దాటిన రిటైరు వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకాయన. ఆయనను అందరం సారు అంటాం. ప్రతి పండుగకు ముందు సున్నంతో గీతలు వేసేది ఆయనే. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లు ఆ కోర్టు చుట్టే బతుకమ్మ ఆడతారు గనుక అప్పుడు రింగు బంద్.

వచ్చేవారిలో ఒక అవ్వను గూర్చి చెప్పాలి. మర్రిగూడ వైపు పల్లెలో కాపురం చేసి, భర్త పోయాక కూతురి ఇంటికి వచ్చింది. మెడ తిరగదు. వెనకకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. చేతులు భుజం పైకి లేవవు. మర్రిగూడ, చండూరు, మునుగోడు, నాంపల్లి వైపు ఊళ్లలో ఇటువంటివారిని చూడని పాస్టరు ఉండడు. మన రాళ్లలోని ఫ్లోరైడు బావి నీళ్లలోకి, బోరు నీళ్లలోకి దిగింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదని నియమం. మన ఊళ్ల నీళ్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఏళ్ల తరబడి తాగితే మొదట పళ్లకు గార పడుతుంది, తర్వాత ఎముకలు, కీళ్ల నరాలు బిగుసుకొంటాయి. వెన్ను వంగిపోతుంది, ఒకసారి బిగిసినది మళ్లీ సడలదు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తీసే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. మన జిల్లా పేరు దేశదేశాల పుస్తకాల్లోకి ఎక్కింది ఆ విధంగా! తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి, ఇంటింటికి నల్లాలు వచ్చాయి. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లలు నిటారుగా ఉన్నారు. అవ్వ ఈడువారికి మాత్రం నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. మా వలను మోస్తున్న కడీలు కూడా ఆ జాతి రాయే అని సారు ఒకసారి అన్నప్పుడు ఎవరమూ ఏమీ మాట్లాడలేకపోయాము.

అవ్వ మొదట మనవరాలిని తీసుకొని వచ్చి గట్టు మీద కూర్చొనేది. ఒకరోజు జంట తక్కువైతే సారు పిలిచాడు. "నా చెయ్యి లేవది సారూ" అంది. "లేవనవసరం లేదమ్మా" అన్నాడు సారు. ఆ మాట ఓదార్పు కోసం అన్నది కాదు, ఆట నియమమే అది. రింగును భుజం పైనుంచి కిందికి కొట్టకూడదు. నడుము దగ్గర నుండో పక్క నుండో పైకి పంపాలి. వాలీబాలులో, షటిలులో చెయ్యి ఎత్తలేనివాడికి చోటు లేదు. ఇందులో బలమంతా మణికట్టుది. అవ్వ మణికట్టు నలభై ఏళ్లు చేట పట్టి వడ్లు చెరిగిన మణికట్టు. రింగు ఆమె చేతి నుండి నీళ్ల మీద ఆకులాగా కదలకుండా వస్తుంది. వల దాటిన వెంటనే దిగుతుంది. కదలలేదు గనుక సగం కోర్టు జోడీగా ఉన్నవాళ్లు కాచుకోవాలి. తనకు ఎత్తుగా విసిరితే ఊరుకోదు. "అయ్యగారూ, నా మెడ లెవ్వదని ఎరిగి గట్ల పైకి ఏస్తవా? జర కిందికి ఏయ్" అని అందరి ముందూ గద్దిస్తుంది. నేను కిందికే వేస్తాను. కండక్టరు మాత్రం వేయడు, ఆట ఆటే అంటాడు, అవ్వకు అతనే ఎక్కువ ఇష్టం.

జెకర్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయంలో యెరూషలేము వీధులను గూర్చిన దర్శనంలో చేతికర్రలు పట్టుకొన్న వృద్ధులు, ఆటలాడే పిల్లలు ఒకే చోట కనబడతారు. వృద్ధులు కూర్చొని ఉంటారు, పిల్లలు ఆడుతుంటారు. ఆ భాగం చదివినప్పుడల్లా నాకు మా పార్కు గట్టు గుర్తుకు వస్తుంది. కాకపోతే మా దగ్గర కర్ర వేపచెట్టుకు ఆనించి వృద్ధులు కూడా లోపలికి వస్తారు.

రెండేళ్ల క్రిందట క్రిస్మసుకు మన సంఘ కుటుంబములో కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసే అబ్బాయి ఇంటికి వచ్చాడు. అతడు ఒక ప్లాస్టిక్ డిస్కు తెచ్చాడు. అక్కడ డిస్క్ గోల్ఫ్ అనే ఆట ఉందట. పార్కులో చెట్ల మధ్య అక్కడక్కడ ఇనుప స్తంభాలకు గొలుసులు, బుట్టలు ఉంటాయి. డిస్కు ఎక్కడ పడితే అక్కడి నుండి మళ్లీ విసురుతూ, వీలైనన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వేయాలి. ఇటువంటివి పద్దెనిమిది. దానికంటూ కట్టిన మొదటి మైదానం లాస్ ఏంజెలెస్ దగ్గర ఓక్ గ్రోవ్ అనే పార్కులో 1975లో ఏర్పడింది. ఏర్పాటు చేసినవాడు ఎడ్ హెడ్రిక్. మొదట ఉత్త గొట్టాలే పాతారు, గొలుసుల బుట్ట ఆయన తర్వాత తయారుచేశాడు. ఆయన 2002లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని కలిపి డిస్కులు పోతపోశారట. ఇది విని మా సారు చాలాసేపు నవ్వాడు. నాకు ఆ కోరిక వింతగానే తోచింది గాని, యాభై ఏళ్లు దాటినా అక్కడ ఇంకా ఆడుతున్నారన్న మాట మనసులో నిలిచింది.

ఆ సాయంత్రం మేము కూడా ఆడాము. గుర్తులు నాలుగు: ఒరిగిన కడీ, వేపచెట్టు మొదలు, ఎండిన ఫౌంటెను, చివరికి పంపు గది మెట్ల మీద పెట్టిన గంప. కాలిఫోర్నియా అబ్బాయి మొదటి విసురే కట్ట మీదికి పోయింది, గాలి సంగతి అతనికి తెలియదు. అవ్వ ఎక్కడా దూరం వేయలేదు. పది గజాలు, మళ్లీ పది గజాలు. ఆమె వెంట మనవరాలు డిస్కు తీసి ఇస్తూ నడిచింది. అందరికంటె తక్కువ విసుర్లు సారువి, తర్వాత అవ్వవి. అబ్బాయి ఆ డిస్కును మనవరాలికి ఇచ్చి వెళ్లాడు. అది ఇప్పుడు వాళ్ల ఇంట్లో బియ్యపు కుండ మీద మూతగా ఉంది.

ఈ సంవత్సరం ఎండాకాలంలో ఒక యువ ఇంజనీరు టేపుతో వచ్చాడు. కోర్టు ఉన్న చోట ఓపెన్ జిమ్ పెడతారట. మర్యాదస్తుడే. పాతబడిపోయింది, ఎవరూ ఆడడం లేదని కాగితంలో ఉందని చెప్పాడు. అప్పుడు ఆట నడుస్తూనే ఉంది, పాయింట్లు పద్నాలుగు పదకొండు. సారు అతని చేతిలోని టేపు తీసుకొని గీతలు కొలిచాడు. నియమం ప్రకారం పొడవు 40 అడుగులు, వెడల్పు 18 అడుగులు ఉండాలి. ఉత్తరం వైపు వేరును తప్పిస్తూ ఏటేటా సున్నం వేసినందుకు ఒక పక్క అడుగు తక్కువ వచ్చింది. సారుకు అది పెద్ద అవమానంగా తోచింది, ఇంజనీరును వదిలి మా అందరినీ చూసి చికాకుపడ్డాడు.

ఇంజనీరు ఫోనులో జిమ్ బొమ్మలు చూపించాడు. పైకి పట్టి లాగే కడ్డీలు, భుజాలకు తిప్పే చక్రాలు. అవ్వ ఫోను పట్టుకొని ఒక్కొక్కటి చూసింది. "మంచిగున్నయ్ బిడ్డా. ఇండ్ల నా చెయ్యి అందేది ఏది?" అని అడిగింది. అతను ఒకటి చూపించాడు. కూర్చొని కాళ్లతో తొక్కేది. అవ్వ మోకాళ్లు వంగవు. అతను మళ్లీ వెతికాడు, తర్వాత ఫోను జేబులో పెట్టుకొని కోర్టును రెండు ఫోటోలు తీసుకొన్నాడు. ఆడుతున్నవారితో కలిపి తీయమని కండక్టరు అడిగాడు, అలాగే తీశాడు.

తర్వాత మేము యాభై మూడు సంతకాలతో అర్జీ ఇచ్చాము. అందులో పదకొండు వేలిముద్రలు. యంత్రాలు వద్దని రాయలేదు. ఫౌంటెను వెనక చోటు ఖాళీగా ఉంది, అక్కడ పెట్టమని రాశాము. రింగు కోర్టుకు వారి నుండి ఏ ఖర్చూ అడగడం లేదని కూడా రాశాము. జవాబు ఇంకా రాలేదు. యంత్రాలూ రాలేదు. ఈ మాటలు రాస్తున్న నాటికి కడీలు అక్కడే ఉన్నాయి.

వల మాత్రం ఇక ముడులకు ఆగే స్థితిలో లేదు. పోయిన వారం కొత్తదానికి చందా వేసుకొన్నాము. దర్జీ అంచు కుట్టి ఇస్తానన్నాడు. అవ్వ కొంగుముడి విప్పి యాభై రూపాయలు ఇచ్చి, తన వైపు నాలుగు వేళ్లు దించి కట్టమంది. సారు డబ్బు తీసుకొన్నాడు, దించడానికి మాత్రం ఒప్పుకోలేదు.