క్రూయిజ్‌కు పాస్‌పోర్ట్ అవసరమా?

అమెరికా రేవులో ఎక్కి, కరీబియన్ దీవులు చుట్టి, తిరిగి అదే రేవులో దిగే ఓడ ప్రయాణాన్ని ‘క్లోజ్డ్ లూప్ క్రూయిజ్’ అంటారు. ఇందులో తిరిగి దేశంలోకి రావడానికి అమెరికా పౌరులకు జనన ధ్రువపత్రం, ప్రభుత్వ ఫొటో గుర్తింపు కార్డు సాధారణంగా సరిపోతాయి. కెనడా, మెక్సికోల నుంచి రోడ్డు మార్గాన వచ్చే 16 ఏళ్లలోపు పౌరులకు జనన ధ్రువపత్రమే చాలు గానీ, పెద్దలకు మాత్రం 2009 జూన్ 1 నుంచి పాస్‌పోర్ట్, లేదా భూ, సముద్ర మార్గాలకే చెల్లే చౌకైన ‘పాస్‌పోర్ట్ కార్డు’ వంటి పత్రం తప్పనిసరి.

అయితే ఓడ ప్రయాణం మధ్యలో మెక్సికోలోని కొజుమెల్‌లో బిడ్డకు కడుపునొప్పి ముదిరి ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే, ఓడ ఆగదు, తిరుగుదారి విమానమే అవుతుంది. విమానానికి ఆ కార్డు గానీ, జనన ధ్రువపత్రం గానీ చెల్లవు కనుక, దౌత్య కార్యాలయంలో అత్యవసర పాస్‌పోర్ట్ కోసం పడిగాపులు తప్పవు.

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలకు ఇండియా ప్రయాణం కోసమే పాస్‌పోర్ట్ తీస్తారు; 16 ఏళ్లలోపు తీసినది ఐదేళ్లకే ముగుస్తుంది కాబట్టి, ఓడ టికెట్టు కొనేముందే గడువు తేదీ చూడాలి. కారులో సరిహద్దు దాటేవారికి కార్డు చాలు. ఓడ ఎక్కే కుటుంబానికి పూర్తి పాస్‌పోర్టే మేలు.