ఊబకాయ శస్త్రచికిత్స: అరవై దాటినవారి భయాలు



ఊబకాయానికి చేసే శస్త్రచికిత్స గురించి నన్ను అడిగేవారిలో ఒకప్పుడు ముప్పై, నలభై ఏళ్లవారే ఉండేవారు. ఇటీవల అరవై దాటినవారు కూడా అడుగుతున్నారు. అయితే వారు అడిగే తీరు వేరు. పడుచువారు ఎన్ని కిలోలు తగ్గుతామని అడుగుతారు. పెద్దవారు "నేను తట్టుకుంటానా?" అని అడుగుతారు. ఏళ్ల తరబడి కుర్చీకీ మంచానికీ పరిమితమైనవారి గొంతులో ఆ ప్రశ్న మరీ చిన్నగా వినిపిస్తుంది. ఈ వ్యాసం వారి కోసం. వారి పిల్లలు కూడా చదివితే మంచిది. తల్లిదండ్రుల భయాన్ని చాదస్తమని కొట్టిపారేసే బిడ్డలను ఆసుపత్రి వరండాలలో చాలామందిని చూశాను.

మేముండే లాల్‌దర్వాజాలో పాత ఇళ్లకు మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. మోకాళ్లు అరిగినవారు మీది అంతస్తులో కాపురముంటే క్రమంగా కిందికి దిగడమే మానేస్తారు. కూరగాయల బండి వస్తే తాడు కట్టిన బుట్ట కిందికి జారుతుంది. మందులు దుకాణం కుర్రవాడు తెచ్చిస్తాడు. ఆషాఢంలో సింహవాహిని మహంకాళి అమ్మవారికి బోనాలు ఎత్తుకుని వెళ్లేవారిని బాల్కనీలోంచే చూసి దండం పెట్టుకుంటారు. బరువు పెరిగి కదలిక తగ్గిందా, కదలిక తగ్గి బరువు పెరిగిందా అని తర్కించి లాభం లేదు. రెండూ ఒకదానినొకటి మేపుతూ ఉంటాయి.

మా వీధిలోనే అటువంటి ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలున్నారు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం చెప్పను. అప్పటికి ఆమె వయసు 63, బరువు 112 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు. అంటే శరీర ద్రవ్యరాశి సూచిక 48 దాటింది. మధుమేహం, రక్తపోటు, రాత్రంతా గురక. మోకాళ్లు మార్పించుకుందామని వెళితే ఎముకల వైద్యుడు ముందు బరువు సంగతి చూడమన్నారు. బరువు సంగతి చూసే శస్త్రవైద్యుడు "స్లీవ్" ఆపరేషన్ చేయించుకోమన్నారు. కొడుకు తేదీ కూడా అడిగి వచ్చాడు. ఆమె నాకు కబురు పెట్టింది.

"అన్నా, ఈ వయసుల నాకు కోతలెందుకు? ఇన్నేండ్లు ఇట్లనే గడిచింది, ఇంకిన్ని రోజులు గడ్వదా?"

"చెల్లె, నిన్ను చేయించుకోమని చెప్పడానికి రాలేదు. దేనికి భయపడుతున్నవో అది చెప్పు" అన్నాను.

టీచరమ్మ కదా, ఒక కాగితం మీద వరుస సంఖ్యలు వేసి రాసి ఇచ్చింది. మీలో ఎవరికైనా ఇటువంటి ఆపరేషన్ మాట వచ్చి ఉంటే మీరూ ఆ పని చేయండి. "భయంగా ఉంది" అన్న మాటకు వైద్యుని వద్ద జవాబు ఉండదు. ఫలానా దానికి భయంగా ఉందంటే తప్పకుండా ఉంటుంది.

మొదటిది: మత్తు ఇచ్చాక మెలకువ వస్తుందా?

ఈ భయానికి మన నగరంలో పెద్ద చరిత్రే ఉంది. మా లాల్‌దర్వాజా నుంచి చార్మినార్ మీదుగా మూసీ దాటితే అఫ్జల్‌గంజ్. నేటి ఉస్మానియా ఆసుపత్రికి పూర్వరూపమైన ఆసుపత్రి అక్కడే ఉండేది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు రోగులు హఠాత్తుగా ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో మరొకటి, రెండు కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. వెనుక నిలిచినవాడు హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ. ఖర్చు భరించినవాడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్. రెండవ కమిషన్‌కు లండన్ లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు ఓడెక్కి వచ్చాడు. ఆ ప్రయోగాలలో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు. రోగి ఊపిరి మీద కన్ను పెట్టి ఉంచితే చాలు, గుండె గురించి దిగులు పడనక్కరలేదని కమిషన్ తీర్పు చెప్పింది. తీర్పులో రెండవ సగం నిలవలేదు. క్లోరోఫాం గుండె లయను నేరుగా దెబ్బతీయగలదని తరువాతి పరిశోధకులు చూపారు. మొదటి సగం మాత్రం నేటికీ ప్రతి ఆపరేషన్ గదిలోనూ అమలవుతున్నది.

క్లోరోఫాం ఎన్నడో పోయింది. ఇప్పుడు వేలికి తగిలించే క్లిప్పు రక్తంలోని ప్రాణవాయువును క్షణక్షణం చెబుతుంది. కోవిడ్ రోజులలో మీ ఇంట్లో కూడా ఒకటి కొనే ఉంటారు. మీరు విడిచే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మరో తెర చూపుతుంది. గుండె లయ, రక్తపోటు వేరే. మీరు నిద్రపోతున్నంతసేపూ మీ తల దగ్గర ఒక వైద్యుడు కేవలం వీటినే చూస్తూ కూర్చుంటాడు. ఆపరేషన్ చేసే వైద్యుని పేరు అందరూ అడుగుతారు. మత్తు డాక్టరు పేరు ఎవరూ అడగరు. నా మాట విని ఆయనను ముందుగానే కలవండి. గురక, ఉబ్బసం, పాత ఆపరేషన్ల అనుభవం, కదులుతున్న పళ్లు, వాడుతున్న ప్రతి మందూ ఆయనకు చెప్పండి. బరువు తగ్గడానికో మధుమేహానికో వారానికొక ఇంజెక్షన్ తీసుకుంటున్నవారు దాన్ని అసలే దాచకూడదు. దాని వల్ల ఆహారం కడుపులో మామూలుకంటే ఎక్కువసేపు నిలిచిపోతుంది. మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోవచ్చు.

టీచరమ్మ విషయంలో మత్తు డాక్టరుకు మత్తుకంటే గురక మీదనే ఎక్కువ అనుమానం కలిగింది. నిద్ర పరీక్ష చేయిస్తే రాత్రిపూట ఊపిరి ఆగి ఆగి వస్తున్నదని తేలింది. ముక్కుకు తగిలించే సీప్యాప్ యంత్రం పెట్టారు. వారం తిరిగేసరికి పగటి కునుకు పోయింది. ఆమెకు తెలియకుండానే ఎన్నేళ్ల నుంచి నిద్ర లేదో!

రెండవ భయం ఆమె అక్కగారిది. చాలా ఏళ్ల కిందట ఏదో ఆపరేషన్ అయిన మూడవ నాడు, మంచం దిగి స్నానానికి వెళుతూ ఆమె కుప్పకూలింది. గుండెపోటు అన్నారు. ఇన్నేళ్ల తరువాత నిర్ధారించి చెప్పలేము కాని, ఆ వర్ణన విన్న ఏ వైద్యునికైనా మరొక అనుమానం వస్తుంది: కాలి సిరలలో గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తుల నాళాలకు అడ్డుపడటం. పెద్ద వయసు, అధిక బరువు, మంచం పట్టి ఉండటం, ఈ మూడూ ఆ గడ్డకు దారి వేస్తాయి. అందుకే ఈ రోజులలో గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇస్తారు, కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడుగుతారు, ఆపరేషన్ అయిన సాయంత్రమే లేపి నడిపిస్తారు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. అక్కను ఆనాడు నాలుగడుగులు నడిపించి ఉంటే అన్న ఆలోచన వచ్చిందేమో. నేను అడగలేదు.

మూడవది లోకులు. "తిండి ఆపుకోలేక కడుపు కోయించుకున్నదంటరు." దీనికి ఎక్కువ స్థలం ఇవ్వను. మోకాలి కీలు మార్పించుకున్నవారిని నడక ఆపుకోలేకపోయారని ఎవరూ అనరు. ఊబకాయం ఆకలినీ తృప్తినీ నడిపించే హార్మోన్లతో, వంశంతో, జీవితపు తీరుతో ముడిపడిన వ్యాధి. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో దాదాపు నాలుగింట మూడు వంతులకు పైగా తీసివేస్తారు. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ భాగంలోనే. 2023లో మన ఉస్మానియా వైద్యులు 240 కిలోల యువకునికి ఈ శస్త్రచికిత్సను ఉచితంగా చేశారు. సర్కారు ఆసుపత్రి ఇంత శ్రమ పడేది సోకు కోసం అని అనుకునేవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

నాలుగవది చదివి ఇద్దరమూ నవ్వుకున్నాము: "బోనం ప్రసాదం తినరాదా?" తినవచ్చు. మొదట రెండు వారాలు ద్రవాలు, తరువాత మెత్తనివి, ఆ తరువాత మామూలు భోజనం, కాని చిన్న గిన్నెడు. ముందు గుడ్డో పప్పో పెరుగో, తరువాతే అన్నం. బిర్యానీకి నిషేధం లేదు. రెండు ముద్దల దగ్గర కడుపే చాలంటుంది.

ఇక ఆమె కాగితం మీద రాయని ఐదవ సంగతి ఉంది. నన్నడిగితే భయపడవలసింది దానికే. అమెరికాలో పది కేంద్రాలలో తొలిసారి ఈ శస్త్రచికిత్స చేయించుకున్న 4,776 మందిని గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రకటించారు. 30 రోజులలో మరణించినవారు 0.3 శాతం, అంటే వెయ్యిలో ముగ్గురు. ఎవరికి ఎక్కువ ప్రమాదం జరిగిందని విడదీసి చూస్తే మూడు సంగతులు తేలాయి. ఒకటి, మునుపు సిరలలో రక్తం గడ్డకట్టి ఉండటం. రెండు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. మూడు, 200 అడుగులు, అంటే 60 మీటర్ల దూరం, నడవలేకపోవడం. పుట్టిన తేదీని మనం మార్చలేము. మూడవదాన్ని మాత్రం చాలామంది మార్చుకోగలరు. 2022లో అమెరికా సంఘమూ అంతర్జాతీయ సమాఖ్యా కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా వయసుకు పై హద్దు గీయలేదు. వయసుకంటే శరీర దుర్బలత్వాన్ని చూడమన్నాయి.

మా గల్లీ మొదటి నుంచి కిరాణా కొట్టు వరకు సుమారు అరవై మీటర్లు ఉంటుంది. టీచరమ్మ అంత దూరం నడిచి రెండేళ్లయింది. తేదీ వెనక్కి జరపమని నేను అడగగానే కొడుకు విసుక్కున్నాడు. శస్త్రవైద్యుడు మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. మూడు నెలలు.

మొదటి వారం కిందికి దిగనేలేదు. చేతుల కుర్చీలో మెత్త వేసి ఎత్తు పెంచి, అందులోంచి లేచి కూర్చోవడమే వ్యాయామం. తొలిరోజు మూడుసార్లకే ఆయాసం వచ్చింది. రోజుకు నాలుగు విడతలు, విడతకు ఎన్నిసార్లు వీలైతే అన్ని. తరువాత ఇంట్లోనే గోడ పట్టుకుని అటూ ఇటూ ఐదేసి నిమిషాలు. మూడు బంతులుండే ఊపిరి యంత్రాన్ని టీవీ పక్కన పెట్టుకుని, సీరియల్ మధ్య ప్రకటనలు వచ్చినప్పుడల్లా బంతులు లేపేది. ఐదవ వారం మెట్లు దిగింది. ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగింది. కిరాణా కొట్టతను కూర్చోమని స్టూలు వేసి, అడగకుండానే చాయ్ తెప్పించాడట. చక్కెర వేసిన చాయ్! తాగానని నాతో నిజాయితీగా ఒప్పుకుంది. పదవ వారానికి ఒక్క విడతలో పన్నెండుసార్లు లేవగలిగింది, కొట్టు వరకు వెళ్లి ఆగకుండా తిరిగి రాగలిగింది. బరువు తగ్గింది ఐదు కిలోలే. కాలేయం చిన్నదైతే శస్త్రవైద్యునికి పని సులువవుతుందని చివరి రెండు వారాలు తక్కువ పిండిపదార్థాల ఆహారం పెట్టారు.

ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి ఫోను చేసింది. "భయం పోలే అన్నా." పోతుందని నేనెప్పుడూ చెప్పలేదన్నాను. ఆ సాయంత్రమే నర్సు లేపితే వార్డు చివరి వరకు నడిచిందని మరునాడు కొడుకు చెప్పాడు.

ఏడాది తరువాత ఆమె బరువు 83 కిలోలు. కిలో బరువు తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని పరిశోధకులు లెక్క కట్టారు. ఆ లెక్కన ఆమె మోకాళ్లు ఎంత ఊరట పొందాయో మీరే గుణించుకోండి. అయినా నొప్పి పూర్తిగా పోలేదు. రక్తపోటు మాత్ర ఒకటి మిగిలింది. నాలుగవ నెలలో జుట్టు దోసిళ్లతో రాలి ఏడ్చింది, తరువాత కొంత తిరిగి వచ్చింది. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి, రక్తపరీక్షలు మానకూడదు. పెద్ద వయసులో బరువుతో పాటు కండ కూడా కరుగుతుంది కనుక మాంసకృత్తులూ, ఆ కుర్చీ వ్యాయామమూ ఆపరేషన్ తరువాతే మరింత అవసరం. ఇవన్నీ ముందే చెప్పని వైద్యుని దగ్గర తొందరపడి సంతకం చేయకండి. డబ్బు సంగతి కూడా ముందే చూసుకోండి. సూచిక 40 దాటినవారికి, లేదా 35 దాటి తీవ్రమైన గుండెజబ్బు, అదుపులేని మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వంటివి ఉన్నవారికి, ఇతర పద్ధతులు ఫలించనప్పుడు ఆరోగ్య బీమా వర్తించే వీలుంది. పాలసీ కాగితాలు తీసి చదవండి.

ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. ఆయనకు 71 ఏళ్లు, ఈ ప్రాంతం వారే, నగల పని చేసి విరమించుకున్నారు. ఆయనకూ భయమే. కాగితం రాయించాను, పరీక్షలు చేయించాను. గుండె కొట్టుకునే బలం బాగా తగ్గి ఉంది. గుండె వైద్యుడూ మత్తు డాక్టరూ ఇద్దరూ ప్రస్తుతానికి వద్దన్నారు. ఆయన భయం న్యాయమైనదే. ఇప్పుడు గుండె మందులు సరిచేసుకుని, వైద్యుని పర్యవేక్షణలో వారానికొక ఇంజెక్షన్ తీసుకుంటున్నారు. ఎనిమిది నెలలలో పదకొండు కిలోలు తగ్గారు. పొద్దున నేను పాలకు వెళ్లేవేళకు చేతికర్రతో ఎదురవుతారు. మొన్నటి వరకు ఇంటి నుంచి రెండు గడపలు దాటితే ఆగేవారు. ఇప్పుడు ఆరవ గడప దగ్గర అరుగు మీద కూర్చుంటున్నారు.